మామను దించిన మేకల కొట్టం

కట్టినవి కూలగొట్టుకున్న ఇంజనీర్ల గురించి మీరు వినే ఉంటారు. కానీ పిల్లనిస్తానన్న మేనమామను కొత్త పంచెతో, ప్లాస్టిక్ కుర్చీతో సహా, పట్టపగలు, ఊరందరి ఎదుట మెల్లగా నేలకు దించిన ఇంజనీరును మాత్రం చూసి ఉండరు. ఆ ప్రబుద్ధుణ్ణి నేనే. జరిగిన ఘోరాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వుకోండి. కాకపోతే మరీ గట్టిగా వద్దు, మామ పక్క గదిలో పడుకుని ఉన్నాడు.

మాది గిద్దలూరు. అప్పుడే మార్కాపురం వైపు ఒక కాలేజీలో సివిల్ ఇంజనీరింగు పూర్తి చేశాను. చేతికి పట్టా వచ్చి, ఉద్యోగం ఇంకా రాని రోజులవి. అంటే లోకంలో నాకు తెలియని విషయం అంటూ లేని రోజులన్నమాట. బస్సులో పోతూ కనిపించిన ప్రతి ఇంటికీ తప్పులు చెప్పేవాణ్ణి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు పాపం దర్శిలో దిగాల్సినవాళ్ళు కూడా ముందే దిగిపోయేవారు.

మా అమ్మకు అన్న కోటయ్య మామ. తర్లుపాడు పక్కన పల్లెలో ఉంటాడు. కొంచెం మెట్ట పొలం, దొడ్డి నిండా మేకలు. ఆయన కూతురు అనిత ఆ ఊరి సచివాలయంలోనే పశువుల డాక్టరుకు సహాయకురాలు. మేకలకు సూదులు వేయడం ఆమె పని. ఆమె వీధిలోకి వస్తే మేకలన్నీ పరుగు, నేను మాత్రం ఎదురు నడక. ఆమెకు నేనంటే ఇష్టమే. కాకపోతే ఆ ఇష్టాన్ని తిట్ల రూపంలో తప్ప బయట పెట్టేది కాదు.

ఇబ్బందల్లా మామతోనే. అనితకు కనిగిరి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి పెద్ద ఫ్యాన్సీ దుకాణం ఉంది. నాకేమో ఒక టేపూ, కాలిక్యులేటరూ, బోలెడంత ఆత్మవిశ్వాసమూ ఉన్నాయి. అమ్మ పోయి అడిగితే మామ ఒక్కటే మాట అన్నాడు.

"ఇంజనీరు ఇంజనీరు అంటా ఉండావు గదమ్మా. వీడు ఇంతవరకు ఏం కట్టినాడు? మొలకు తువ్వాలు తప్ప!"

నేను అవమానంతో కుమిలిపోతుంటే అనిత అందుకుంది. "నాయనా, వానకు మేకల గిట్టలు నాని కుంటతా ఉండాయి గదా. మంచె కొట్టం కట్టిద్దామంటే నువ్వు వినవు. నేల మీద కాకుండా కాళ్ళ మీద లేపి, చెక్కల సందుల్లో నుంచి పెంటికలు కిందికి రాలిపోయేటట్టు కడతారు. పైన మేకలు పొడిగా ఉంటాయి, కింద ఎరువు పోగవతాది. అది బావ చేత కట్టియ్యరాదా?"

మామకు ఆ మాట నచ్చింది. సాయంత్రం టీ బంకు దగ్గర పదిమంది ముందు ప్రకటించేశాడు. "కొట్టం కట్టి చూపెట్టనీ. నేను మేకలతో సహా పైకెక్కుతా. సరిగ్గా ఉంటే పిల్లనిస్తా. లేదంటే కనిగిరోళ్ళకు తాంబూలాలు ఇచ్చేస్తా."

పక్కింటి గురవయ్య చిన్నాయన అక్కడే బెంచీ మీద ఉన్నాడు. ఆయన, మా మామ వరసకు బావాబామ్మర్దులు, వృత్తికి పోటీదారులు. ఒకరి మేక ఈనితే ఇంకొకరికి నిద్ర పట్టదు. "అందరూ విన్నారు గదా, మాట మార్చకూడదు బావా," అన్నాడు గురవయ్య చిన్నాయన. మామ మీసం దువ్వి, "కోటయ్య మాటంటే మాటే," అన్నాడు.

ఇక నా ప్రతాపం చూడండి. తెల్లారేసరికి డ్రాయింగు సిద్ధం. ఇనుప పైపులతో కాళ్ళు, వాటి మీద చెక్కల నేల, పైన కప్పు. లెక్క కూడా చేశాను. పైపులో ఇనుము ఎంత ఉంది, ఆ ఇనుముకు బలం ఎంత, రెండూ గుణిస్తే అది మోసే బరువు వచ్చేసింది. ఆ వచ్చిన అంకె చూసి నాకే కళ్ళు తిరిగాయి. సన్నటి పైపు, చేత్తో పట్టుకుంటే పిడికిట్లో ఇమిడిపోయే పైపు, ఒక్కొక్కటి లోడు లారీని మోస్తుందట!

"మామా, నీ మేకలు కాదు, ఏనుగులు పెంచుకో," అన్నాను.

"ఏనుగులకు మేత యాడ తెద్దునురా," అని మామ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

మార్కాపురంలో వెల్డింగు షాపు వలి అన్నకు పని అప్పజెప్పాను. నేను ఏది చెప్పినా "మీరెట్ల చెప్తే అట్ల సార్" అనేవాడు. పుట్టిన తరవాత నన్ను మొదటిసారి సార్ అన్న మనిషి ఆయనే. ఆ మత్తులో నేను ఏం చెబుతున్నానో నాకే తెలిసేది కాదు.

మొదటి కోరిక మా అత్త కోరింది. "ఈ ఎత్తయితే కింద వంగి ఊడ్చాలి అబ్బయ్యా, నా నడుము నిలబడదు. కాస్త పైకి లేపు."

"దానికేం అత్తా! ఇనుము!" అని కాళ్ళు పొడుగు చేయించాను.

రెండో కోరిక మామది. "ఒరే, గురవయ్య గోడకు ఇవతల పక్క మనది కనపడి చావదు. వాడు మంచం మీద పడుకున్నా సరే నా మేకలు కనపడాల. ఇంకా లేపు."

"ఇనుము మామా!" మళ్ళీ పొడుగు చేయించాను. అవే సన్న పైపులు. ఎందుకు మార్చాలి? నా లెక్కలో పొడుగు అనే మాటే లేదు. లెక్కలో లేనిదానికి నేనెందుకు భయపడాలి?

మూడో కోరికా మామదే. "రేకులు కప్పితే ఎండకు మేకలు వేగిపోతాయి. దొడ్లో పలక బండలు పడి ఉండాయి గదా, అవి కప్పిద్దాం. చల్లగా ఉంటాది."

మార్కాపురం పలకలంటే మీరు చిన్నప్పుడు అక్షరాలు దిద్దుకున్నవి అనుకునేరు. ఇవి వాటి తాతలు. ఒక్కొక్కటి ఎత్తడానికి మనుషులు వంతులేసుకోవాలి. "కప్పు మామా, ఇనుము!" అన్నాను. ఆ "ఇనుము" అనే మాట ఎన్నిసార్లు అన్నానంటే, ఆఖరికి ఇంటి వెనక కోడిపుంజు కూడా అదే కూస్తున్నట్టు అనిపించేది.

ఇక అసలు ఘనకార్యం. నా డ్రాయింగులో కాలికీ కాలికీ మధ్య అడ్డ కడ్డీలు, ఏటవాలు కడ్డీలు ఉన్నాయి. పుస్తకంలో బొమ్మలో ఉన్నాయని నేనూ గీశాను, అంతే. అవి ఎందుకో నాకు తెలియదు. వలి అన్న వాటిని బిగించిన పూటే మామ కింద ఊడ్చి చూద్దామని దూరి, నుదురు టంగుమనిపించుకుని బయటికొచ్చాడు.

"ఈ అడ్డాలు ఏందిరా? తలకాయ పగిలిపాయె!"

"అవి అందానికి మామా."

"మేకల కొట్టానికి అందమేంది? పీకెయ్యమను."

"వలి అన్నా, పీకెయ్!"

"మీరెట్ల చెప్తే అట్ల సార్."

ఎందుకైనా మంచిదని అనిత మాత్రం ఒకసారి అడిగింది. "బావా, కాళ్ళు మరీ కొంగ కాళ్ళ మాదిరి ఉండాయే. మోస్తాయా?"

"ఇది ఇంజనీరింగు అనితా. మేకకు సూది వేసినంత తేలిక కాదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "సూది ఎవరికి వెయ్యాలో ఆలోచిస్తా ఉండా," అని లోపలికి పోయింది.

ఆరంభం రోజు ఊరంతా వచ్చింది. పైపులకు పసుపు రాశారు, మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కనిగిరి వాళ్ళకు మామ ఫోన్ చేసి, "మధ్యాహ్నం దాకా ఆగండి, ఒక సంగతి తేలాల," అని చెప్పి ఉన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. అయినా నేను నిశ్చింతగా, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద ఇంజనీర్లు నిలబడినట్టు నిలబడ్డాను. నా పెళ్ళి ఆ పైపుల మీద ఉంది. పైపులు ఇనుపవి. ఇంకేం భయం?

ముందు మేకలు వాలుచెక్క ఎక్కి పైకి పోయాయి. బండల కప్పు కింద చల్లగా నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టాయి. వెనకే మామ కొత్త పంచె సర్దుకుంటూ ఎక్కాడు. ఆయన వెనక ఎవరో కుర్చీ అందించారు. మామ ముందు అంచున, అందరికీ కనపడేటట్టు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా అనితా, ఫోటో తియ్యి! స్టేటస్‌లో పెట్టు! కనిగిరోళ్ళు కూడా చూస్తారు!"

ఫోటోలో మేకలు కూడా పడాలని మామకు ఆశ. సుబాబుల్ కొమ్మ ఒకటి చేతిలో పట్టుకుని "బా... బా..." అని పిలిచాడు. చేతిలో మేత ఉంటే ఆ మేకలకు మామ మీద ఎంత ప్రేమో! మందంతా ఒక్కసారి ఆ అంచుకు దూసుకొచ్చింది.

అప్పుడు చూశాను. ముందు వరసలో ఒక పైపు మధ్యలో చిన్నగా పొట్ట పెట్టింది.

కళ్ళు నులుముకున్నాను. పక్క పైపు కూడా పొట్ట పెట్టింది.

"బావా," అంది అనిత ఫోను దించకుండానే. "ఆ పైపు నీ డ్రాయింగులో కూడా అట్ల వంకరగానే ఉందా?"

"అబ్బే, అది ఎండకు అట్ల కనపడతా ఉంది."

"ఎండకు ఇనుము వంగతాదా?"

"ఇనుము కాదు, మన చూపు వంగతాది."

"నా చూపు బానే ఉంది. అదిగో, మూడోది కూడా వంగతా ఉంది!"

పైనుంచి మామ గొంతు వచ్చింది. "ఒరే అల్లుడా! ఊగతా ఉందేందిరా?"

"గాలి మామా!"

"గాలి యాడుందిరా, చొక్కా తడిసిపోయి చస్తా ఉంటే!"

అయ్యా, ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. పొడుగాటి సన్న స్తంభాల మీద బరువు పెడితే ఏమవుతుందో చెప్పే పాఠం ఒకటి మా పుస్తకంలో ఉంది. పరీక్షలో ఒక ప్రశ్న వదిలెయ్యొచ్చు గదా అని ఆ పాఠం మొత్తం నేను ఛాయిస్‌లో వదిలేశాను. తరవాత తీరిగ్గా చదువుకున్నాను. మీకు పుస్తకం అక్కర్లేదు, చీపురు పుల్ల చాలు. చిన్న ముక్క విరిచి రెండు వేళ్ళ మధ్య నిలువునా నొక్కండి. వేలికి గుచ్చుకుంటుందే గాని వంగదు. అదే పుల్లను పొడుగ్గా ఉంచి నొక్కండి. బలం పెట్టకముందే పక్కకు వంగిపోతుంది. పుల్ల అదే, దాని బలమూ అదే. పొడుగొక్కటే తేడా. ఇనుము నలిగిపోయే దాకా ఆగదు, అంతకు చాలా ముందే పక్కకు తప్పుకుంటుంది. ఎవరైనా మధ్యలో వేలు అడ్డం పెడితే మాత్రం మళ్ళీ నిలబడుతుంది. ఆ వేలే, నేను అందానికి అని చెప్పి పీకించిన అడ్డ కడ్డీ!

ముందుగా విషయం అర్థమైంది మేకలకే. వాటిల్లో పెద్ద మేకపోతు ఒకటి నా వైపు చూసి, ఛీ అన్నట్టు తల విదిల్చి, గోడ మీదికి దూకింది. మిగతావి దాని వెనకే. కొన్ని గోడ మీదికి, కొన్ని కందికట్టె వామి మీదికి, ఒకటి సరిగ్గా గురవయ్య చిన్నాయన ఒళ్ళోకి. మందంతా ఒక్క ఊపున దూకేసరికి కొట్టం అటు ఊగి ఇటు ఊగి, ఇక పైపులన్నీ ఒకే పక్కకు, మాట్లాడుకున్నట్టు వంగడం మొదలుపెట్టాయి.

"మామా, దూకు!" అని అరిచాను.

"కొత్త పంచెరా!" అని మామ అరిచాడు.

ధన్‌మని కూలిందనుకుంటున్నారా? అదే జరిగి ఉంటే ఈ ముక్క రాయడానికి నేనుండేవాణ్ణి కాను, మా అత్త ఉంచేది కాదు. ఇనుము విరగలేదు. గేదె నీళ్ళలో కూర్చున్నట్టు కొట్టం తాపీగా మోకాళ్ళు మడిచి కిందికి దిగింది. మా మామ కాలు మీద కాలు తియ్యకుండా, చేతిలో సుబాబుల్ కొమ్మతో, ముఖంలో ఏ భావమూ లేకుండా దిగాడు. దిగుతూ దిగుతూ మా అందరి కళ్ళ ఎత్తుకు వచ్చాడు, నడుము ఎత్తుకు వచ్చాడు, ఆఖరికి కొట్టం ఒక పక్క కందికట్టె వామి మీద వాలి, చెక్కలు కిర్రుమని ఆగిపోయింది. కప్పు బండ ఒకటి జారి పెంటదిబ్బలో దిగబడింది. ఇంకేమీ పడలేదు. మామ చెప్పులు నేలకు ఆనాయి.

నిజం చెబుతున్నాను, ముందు మామ బతికినందుకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే కనిగిరి దుకాణం గుర్తొచ్చి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. అనిత ఫోన్ జేబులో పెట్టుకుంది. ఆమె ముఖం కూడా పాలిపోయింది. తిట్టలేదు. నాకు అసలు భయం వేసింది అప్పుడే.

గురవయ్య చిన్నాయన ఒళ్ళో మేకను పక్కన పెట్టి, గోడ మీద మోచేతులు ఆనించాడు. జీవితమంతా ఈ క్షణం కోసమే ఎదురుచూసిన మనిషి ముఖం అది.

"ఏంది బావా, కూలిపాయెనా?"

మామ నన్ను చూశాడు. ఆ చూపుకు ఇంకో రెండు పైపులు వంగాల్సింది. తరవాత గురవయ్య చిన్నాయన్ను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కూలడమేంది బావా? దిగింది."

"దిగిందా?"

"మరి! ఎక్కేదానికి ఎత్తుగా ఉంటాది, మనిషి దిగాలంటే అదే కిందికి దించతాది. ముసలోళ్ళు మెట్లు దిగే పని లేదు. మీకు ఇయ్యన్నీ ఏం తెలుస్తాయి? చానా కొత్త డిజైను."

జనం "ఓహో" అన్నారు. గురవయ్య చిన్నాయన మాత్రం వదల్లేదు. "మళ్ళీ పైకి ఎట్ల పోతాది?"

"ఇంజనీరును అడుగు," అన్నాడు మామ పళ్ళు బిగించి.

అందరూ నా వైపు తిరిగారు. "అది... రెండో దశలో చిన్నాయనా," అన్నాను.

"కాళ్ళు వంకర పోయినాయే?"

"వంగితేనే గదా దిగేది," అన్నాడు మామ. "నువ్వు కూర్చునేటప్పుడు మోకాళ్ళు వంచవా?"

గురవయ్య చిన్నాయన పొట్ట పట్టుకుని నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. చాలా గంభీరంగా తలూపాడు. "అయితే కొట్టం సరిగ్గానే ఉందంటావు."

"నిక్షేపంలా ఉంది!"

"అనుకున్నట్టే కట్టినాడంటావు."

"అక్షరం పొల్లు పోకుండా!"

"అందరూ విన్నారు గదా?" అని గురవయ్య చిన్నాయన ఊరి వైపు తిరిగాడు. "కొట్టం సరిగ్గా ఉంటే పిల్లనిస్తానన్నాడు కోటయ్య బావ. సరిగ్గా ఉందని ఆయనే చెప్తా ఉండాడు. ఇంక ముహూర్తం పెట్టుకోవడమే!"

మామ ఇరుక్కుపోయాడు. కొట్టం పనికిరాదంటే, ఊరందరి ముందు కూలినదాని మీద కూర్చున్నవాడవుతాడు, అదీ గురవయ్య ఎదుట. బాగుందంటే, అల్లుణ్ణి నేనవుతాను. రెండింట్లో ఏది పెద్ద నష్టమో తేల్చుకోలేక ఆ కుర్చీలో ఆయన పడ్డ బాధ మీరు చూసి ఉండాల్సింది. ఆఖరికి జేబులోంచి ఫోన్ తీసి, కనిగిరి వాళ్ళకు చేశాడు.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. మా పిల్లను మా చెల్లెలి కొడుక్కే ఇస్తా ఉండా. పెద్ద ఇంజనీరులే." ఆ "పెద్ద" అనే మాట దగ్గర ఆయన నన్ను కొరకొరా చూశాడు.

"నన్నొక మాట అడిగేది లేదా నాయనా?" అని అనిత ముందుకొచ్చింది. నా ప్రాణం మళ్ళీ పైకి పోయింది. ఆమె నా ఎదురుగా నిలబడింది. "బావా, నేను ఒప్పుకుంటా. ఒక్కటే మాట. మనం కట్టుకునే ఇంటికి ఇంకో ఇంజనీరు డ్రాయింగు గీయాల. నువ్వు ఆ గోడలకు నీళ్ళు మాత్రం పట్టాల."

"మీరెట్ల చెప్తే అట్ల మేడం," అన్నాను. ఆమె అప్పుడు నవ్వింది. అన్ని తిట్లూ తిన్న తరవాత ఆ నవ్వు చూసి ఆ పైపుల్లాగే నేనూ ఒక పక్కకు ఒరిగాను.

పెళ్ళిలో మామ వంగి నా కాళ్ళు కడుగుతున్నాడు. ఆయన పెదవులు కదులుతుంటే నన్ను ఆశీర్వదిస్తున్నాడేమో అనుకుని నేనూ వంగాను. ఆయన గుసగుసగా అన్నాడు: "ఒరే అల్లుడా, గురవయ్య కూడా అట్లాంటి కొట్టం కట్టియ్యమని అడగతా ఉండాడంట. కాదనొద్దు. వాడికి ఇంకా సన్న పైపులు పెట్టు, ఇంకా పొడుగ్గా లేపు. కప్పుకు బండలు నా దొడ్లోవే ఊరికే ఇస్తా."

కాబట్టి యావన్మంది చదువరులకు, వెల్డింగు షాపుల వారికి, సమస్త మేకలకు తెలియజేయడమేమనగా: నేను, ఒకే ఒక్క కొట్టం కట్టి దాన్నే దించినవాణ్ణి, ఆ కాళ్ళు కడిగిన నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పొడుగు ఎంతో చూడకుండా ఏ పైపునూ నిలబెట్టను. అడ్డ కడ్డీని అందం అనను. ఇనుము అనే మాటను అవసరం లేకుండా నోట పలకను. ఇక గురవయ్య చిన్నాయనకైతే, మామ నా కాళ్ళు మళ్ళీ కడిగినా సరే, జన్మలో కొట్టం కట్టను. నాకు పెళ్ళి చేసిన మహానుభావుడాయన. ఆయన మేకలు నేల మీదే చల్లగా ఉండాలి.